షార్లెటు బ్రాంటీయు ఆమె ఊహాసామ్రాజ్యమును

చరిత్ర తరగతిలో మన విద్యార్థులు శాతవాహనులనియు, కాకతీయులనియు, విజయనగర రాయలనియు కాలమును విభజించుకొని, ఒక్కొక్క వంశము ఎట్లు తలయెత్తెనో, ఎట్లు క్షీణించెనో చదువుచుందురు. ఏ శాసనమునందును, ఏ నాణెమునందును పేరు కానరాని యొక సామ్రాజ్యము కలదు. దానికిని స్థాపనకాలము, వైభవకాలము, అంతర్యుద్ధకాలము, అస్తమయకాలము అను యుగములు కలవు. దానికి రాజధానులు, మంత్రులు, సైన్యములు, పత్రికలు, దేశపటములు ఉండెను. దానిని స్థాపించినవారు ఇంగ్లండు దేశమున యార్కుషైరు కొండలలో ఒక బీద గురువుగారి ఇంట పెరిగిన నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో పెద్దదియైన షార్లెటు బ్రాంటీ పిమ్మట జేన్ ఐర్ అను నవలను వ్రాసి లోకప్రసిద్ధి గాంచెను. ఆమె నవలను ఎరిగినవారు పెక్కురు. ఆమె విడిచివచ్చిన రాజ్యమును ఎరిగినవారు కొందరే. ఆ రాజ్యమును విడుచుట ఆమెకు ఎంత దుష్కరమయ్యెనో తెలియనివారికి ఆమె చరిత్రము సగమే తెలిసినదని నా అభిప్రాయము.

ఆమె తండ్రి రెవరెండు పాట్రిక్ బ్రాంటీగారు 1777వ సంవత్సరమున ఐర్లండునందలి డౌన్ జిల్లాలో నిరుపేద కుటుంబమున జన్మించిరి. చేతిపనులు నేర్చి, పల్లెబడిలో ఉపాధ్యాయులై, తమ స్వయంకృషిచేత 1802లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి సెయింట్ జాన్సు కళాశాలలో ప్రవేశించిరి. అచ్చట వారి బీదరికమును గమనించి ధనసహాయము దొరకునట్లు చేసినవారిలో హెన్రీ మార్టిన్ ఒకరు. తరువాత ఇండియాకు వచ్చి క్రొత్త నిబంధనను హిందూస్థానీ భాషలోనికి తర్జుమా చేసిన మార్టినుగారు వీరే. పాట్రిక్ గారు గురుపట్టము పొంది, 1812లో కార్నువాలు సీమకు చెందిన మరియా బ్రాన్వెలును వివాహమాడిరి. వారికి ఆరుగురు బిడ్డలు. మూడవ సంతానమైన షార్లెటు 1816 ఏప్రిల్ 21వ తేదీన థారంటను గ్రామమున జన్మించెను. ఆమె తరువాత బ్రాన్వెలు అను ఒక్కడే కుమారుడు, ఎమిలీ, ఆన్ అను ఇరువురు కుమార్తెలు కలిగిరి.

1820లో ఆ కుటుంబము హావర్తు గ్రామమునకు వచ్చెను. గురుగృహమునకు ముందువైపున సమాధులు, వెనుకవైపున హీథరు పొదలు తప్ప చెట్టు చేమ లేని బీడుకొండలు. సమాధుల నేలనుండి ఊరిన నీరు గ్రామస్థుల త్రాగునీటిలో కలియుచుండెను. 1850లో ప్రభుత్వ విచారణాధికారి బాబేజి వచ్చి లెక్కచూడగా ఆ యూర చనిపోవువారి సగటు వయస్సు 26 సంవత్సరములైనను లేదని తేలెను. అట్టి గ్రామమునకు వచ్చిన మరుసటి సంవత్సరమే, 1821 సెప్టెంబరులో, తల్లి మరణించెను. ఆమె అక్క ఎలిజబెత్ బ్రాన్వెలు వచ్చి పిల్లలను పెంచెను. 1824లో గురువుల కుమార్తెల కొరకు కోవన్ బ్రిడ్జి అనుచోట నెలకొల్పబడిన పాఠశాలకు నలుగురు ఆడపిల్లలను పంపిరి. అచ్చట చలి, చాలని ఆహారము, కఠిన శిక్ష. పెద్ద కుమార్తె మరియాయు, రెండవదియైన ఎలిజబెత్తును క్షయచే పీడితులై, ఇంటికి తేబడి, 1825 మే, జూన్ నెలలలో ఒకరివెంట నొకరు కన్నుమూసిరి. తండ్రిగారు తక్కిన యిద్దరిని వెంటనే ఇంటికి తెచ్చుకొనిరి. తొమ్మిదేండ్ల షార్లెటు ఒక్కమారుగా ఇంటికి పెద్దబిడ్డ అయ్యెను. తల్లి, ఇద్దరక్కలు పోయిన ఆ ఇంటిలో సామ్రాజ్యము పుట్టినదని విద్యార్థులు మరువరాదు.

1826 జూన్ 5వ తేదీన తండ్రిగారు లీడ్సు పట్టణమునుండి వచ్చుచు కుమారుని కొరకు పండ్రెండు కొయ్య సిపాయిలున్న పెట్టె తెచ్చిరి. మరునాటి ఉదయము బ్రాన్వెలు దానిని అక్కచెల్లెండ్రకు చూపగా షార్లెటు మంచముమీదినుండి దుమికి, అందరికంటె అందముగానున్న సిపాయిని పట్టుకొని, వీడు నా వెల్లింగ్టను ప్రభువని చాటెను. బ్రాన్వెలు తన సిపాయికి బోనపార్టీ అని పేరుపెట్టెను. ఎమిలీయు ఆనును తమతమ బొమ్మలను ఎంచుకొనిరి. ఈ వెల్లింగ్టను 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో నిలిచినవాడు, 1803లో అస్సాయి వద్ద మహారాష్ట్ర సైన్యములతో పోరాడినవాడు. 1815లో వాటర్లూ వద్ద నెపోలియనును ఓడించినవాడును ఇతడే. ఆ యింట వార్తాపత్రికలు వచ్చుచుండెను. తండ్రిగారు రాజకీయములు పిల్లలతో పెద్దవారితో మాటలాడినట్లే మాటలాడుచుండిరి. కనుక పదేండ్ల బాలికకు ప్రధానసేనాని పేరు దేవకథలోని వీరుని పేరువలె ఉండుటలో వింత లేదు.

పండ్రెండుగురు సిపాయిలు ఓడనెక్కి, తుపానునకు చిక్కి, ఆఫ్రికా పశ్చిమతీరమున గినీ సింధుశాఖ ప్రాంతమున దిగి, అచ్చటి అశాంతీ జనులతో పోరాడి, నగరమును కట్టిరని పిల్లలు కథ కల్పించిరి. అది మొదటి యుగము. నగరమునకు గాజుపట్టణమని పేరు. తక్కువకాలములో మహానగరమెట్లు లేచెనని అడుగువారికి వారు చెప్పిన సమాధానము సులభమైనది. అరేబియా రాత్రుల కథలలోనివలె నలుగురు జీనీలు దానిని నిర్మించిరి. టాలీ, బ్రానీ, ఎమీ, ఆనీ అను ఆ జీనీలు ఎవరో చదువరులు ఊహించగలరు. సిపాయి యుద్ధములో చచ్చినను, చెప్పు క్రిందపడి విరిగినను, జీనీలు ఆజ్ఞాపింపగా తిరిగి బ్రదుకును. సంవత్సరము క్రిందట అక్కలను పాతిపెట్టి వచ్చిన పిల్లలు ఈ నియమమును ఏల పెట్టుకొనిరో నేను వేరుగా వ్రాయనక్కరలేదు.

క్రమముగా ఆ దేశము నాలుగు రాజ్యముల సమాఖ్య అయ్యెను. ఒక్కొక్క బాలుడును బాలికయు ఒక్కొక్క రాజ్యమునకు కర్తలు. మహాగాజుపట్టణము అందరికిని ఉమ్మడి రాజధాని. దాని పేరు పిమ్మట వెర్డోపోలిసుగా మారెను. ఇంటనున్న గోల్డుస్మితు భూగోళ పుస్తకమునుండి నదులును, బ్లాక్ వుడ్డు మాసపత్రికనుండి వాదప్రతివాదములును ఈ దేశమునకు దిగుమతియయ్యెను. ఆ పత్రికను చూచి వారు తామును పత్రిక పెట్టిరి. 1829 జనవరిలో బ్రాన్వెలు ప్రారంభించెను. ఆగస్టులో షార్లెటు సంపాదకత్వము చేపట్టెను. పత్రిక ఎంతయున్నదనుకొందురు? పొడవు రెండున్నర అంగుళములు, వెడల్పు అంగుళమున్నర లోపు. సిపాయిల చేతికి సరిపోవలయును గదా! అచ్చు అక్షరములవలె కనుపడునట్లు సన్నని చేతివ్రాతతో నింపి, దారముతో కుట్టి, చక్కెర పొట్లముల కాగితమును అట్టగా వేసిరి. కథలు, పద్యములు, పుస్తక విమర్శలు, ప్రకటనలు సైతము అందుండెను. పెద్దలు చదువవలెనన్న భూతద్దము కావలయును. తండ్రిగారి దృష్టి మందమగుటచేత పిల్లల రహస్యమునకు అది మంచి కోటగోడ అయ్యెను.

ఇచ్చట ఒక్క మాట చెప్పక ముందునకు పోజాలను. అశాంతీలు కల్పితజనులు కారు. నేటి ఘానా దేశమునందలివారు. 1824లో సర్ చార్లెసు మెకార్తీ అను ఇంగ్లీషు గవర్నరును వారు యుద్ధమున ఓడించి చంపిరి. ఆ వార్తలు పిల్లల చెవిని పడియుండెను. వారి ఆటలో మాత్రము ఇంగ్లీషువారే గెలుతురు. ఓడిన అశాంతీరాజు కుమారుడు క్వాషియా వెల్లింగ్టను ఇంట పెరిగి, పెద్దవాడై, తిరుగుబాటు చేయును. 1833లో షార్లెటు వ్రాసిన కథలో అతడు కృతఘ్నుడు. తన తండ్రిని చంపి తన నేలను తీసికొన్నవారిపై కత్తి యెత్తినవానిని కృతఘ్నుడనవచ్చునా అను ప్రశ్న ఆ బాలికకు తట్టలేదు. పరుల పాలనలో చాలకాలమున్న దేశమునందు ఈ కథను చదువు మనకు అది తట్టకమానదు. పిల్లల ఆటలోనికి సహితము పెద్దల రాజ్యకాంక్ష ఎంత సులభముగా ప్రవేశించునో దీనివలన తెలియుచున్నది.

1831 జనవరిలో షార్లెటు, ఇంటికి ఇరువది మైళ్ల దూరమున మర్ఫీల్డు దగ్గర రోహెడ్ అనుచోట మిస్ ఊలరు నడుపుచున్న పాఠశాలలో చేరెను. అచ్చట ఎలెన్ నస్సీ, మేరీ టేలరు అను జీవితకాల స్నేహితురాండ్రు దొరికిరి. ఆమె లేని కాలమున ఇంట రాజ్యము చీలెను. ఎమిలీయు ఆనును అక్కయన్నల పెత్తనము చాలుననుకొని, ఉత్తర పసిఫిక్ సముద్రమున గొండాలు అను ద్వీపమును కల్పించుకొని వేరుపడిరి. మిగిలిన షార్లెటు, బ్రాన్వెలు 1834లో గాజుపట్టణమునకు తూర్పున ఆంగ్రియా అను క్రొత్తరాజ్యమును స్థాపించిరి. మహారాష్ట్ర చరిత్ర చదివినవారికి ఈ పేరు పరిచితముగ తోచును. కొంకణతీరపు నౌకాధిపతులైన ఆంగ్రేలను ఇంగ్లీషువారు ఆంగ్రియా అనియే వ్రాయుచుండిరి.

ఆంగ్రియాకు ఏడు మండలములు, కలబారు నదీతీరమున ఏడ్రియనోపోలిసు అను రాజధాని, ఉదయసూర్యుడు చిహ్నము. రాజు జమోర్నా. ఇతడు వెల్లింగ్టను ప్రభువు జ్యేష్ఠకుమారుడు. చిన్నతనమున సాధువుగా మొదలై, షార్లెటు కలము క్రింద సౌందర్యవంతుడును, అహంకారియు, స్త్రీలోలుడును అయ్యెను. ప్రధానమంత్రి నార్తాంగర్లాండు అను నాస్తిక విప్లవకారుడు. బ్రాన్వెలునకు ప్రాణప్రియమైన పాత్రము. మంత్రి కుమార్తె మేరీ రాజుకు భార్య. 1835 మొదలు అంతర్యుద్ధము చెలరేగెను. మంత్రి రాజుపై తిరుగబడెను. రాజు ఓడి దేశభ్రష్టుడయ్యెను. భర్తకును తండ్రికిని నడుమ మేరీ నలిగిపోయెను. రెండేండ్లకు రాజు తిరిగి సింహాసనమెక్కెను. యుద్ధములు, శాసనసభలు, ఓటమి లెక్కలు బ్రాన్వెలు వ్రాయును. ప్రేమలు, అసూయలు, ఇంటి గదులలోని మాటలు షార్లెటు వ్రాయును. ఇద్దరును ఆ ప్రపంచమును క్రిందిలోకమని పిలుచుకొనుచుండిరి. పేరులోనే భయమును ఆకర్షణయు రెండును ఉన్నవి.

1835 జూలై నెలాఖరున షార్లెటు అదే రోహెడ్ పాఠశాలకు ఉపాధ్యాయినిగా వెళ్లెను. తన జీతములో భాగముగా ఒక చెల్లెలికి చదువు. మొదట ఎమిలీ, ఆమె ఇంటిపై బెంగతో కృశించి మరలిపోగా ఆన్. సామ్రాజ్యముయొక్క నిజమైన యుద్ధము జరిగినది ఏడ్రియనోపోలిసు గోడలవద్ద కాదు, రోహెడ్ తరగతిగదిలో. పగలంతయు వ్యాకరణము, భూగోళము, కుట్టుపని. దినము గడచిన తరువాత దొరికిన అరగంటలో ఆమె కన్నులు మూసికొని కాగితముపై వ్రాయుచుండెను. గాలి ఇంటిచుట్టు హోరుమన్నప్పుడు హావర్తు కొండలును, వానివెనుక ఆంగ్రియా సేనలును ఆమెకు ప్రత్యక్షమగుచుండెను. అట్టి సమయమున ఒక బాలిక పాఠము అప్పగించుటకు వచ్చినచో ఆమెకు కలిగిన వెగటును ఆమెయే దాచక వ్రాసికొనెను. ఆ కాగితములు నేటికిని ఉన్నవి. ఉపాధ్యాయవృత్తిలోనున్నవారు వానిని చదివి ఆమెను గద్దింపవచ్చును. నాకు మాత్రము జాలియే కలిగినది. ఆమె పాఠము మానలేదు, పిల్లను కొట్టలేదు. కల కరిగిపోవుచుండగా లేచి ఆ పిల్ల వ్రాసిన వాక్యమును దిద్దెను.

అంతకంటె లోతైన బాధ మరియొకటి ఆమెను పట్టెను. ఆ సంవత్సరములలో ఎలెన్ నస్సీకి వ్రాసిన లేఖలలో తన హృదయము దుష్టమైనదనియు, ప్రార్థన తన నోట నిజముగా రాదనియు ఆమె దుఃఖించెను. కారణమును ఎలెనుకు విప్పి చెప్పలేదు. జమోర్నాను ఆమె ఎంతగా ధ్యానించెనో, ఆదివారమున దేవాలయపు బల్లపై కూర్చున్నప్పుడు అది తనకే విగ్రహారాధనవలె తోచియుండును. గురువుగారి కుమార్తెకు ఇది చిన్నబాధ కాదు.

1836 డిసెంబరులో ఆమె ధైర్యము చేసి ఆస్థానకవి రాబర్టు సౌదీకి తన పద్యములు పంపి సలహా కోరెను. మార్చిలో వచ్చిన ప్రత్యుత్తరములో ఆయన ఆమెకు శక్తి కలదని ఒప్పుకొనుచునే, సాహిత్యము స్త్రీకి జీవనవృత్తి కారాదనియు, పగటికలలలో మునుగువారికి లోకపు సామాన్యకార్యములు రుచింపకపోవుననియు హెచ్చరించెను. మొదటి మాట తప్పని కాలము నిరూపించినది. రెండవ మాట సరిగా ఆమె గాయముపై తగిలెను. ఆమె వినయముగా జవాబు వ్రాసి, ఆ లేఖను శాశ్వతముగా దాచవలెనని తన ఇరువదియొకటవ జన్మదినమున దాని పైకాగితముపై వ్రాసికొనెను. అదే కాలమున బ్రాన్వెలు వర్డుసువర్తు కవికిని, బ్లాక్ వుడ్డు పత్రికవారికిని గర్వముగా లేఖలు వ్రాసెను, జవాబు రాలేదు.

సౌదీ చెప్పెనని ఆమె కలము పడవేయలేదు. అయితే ఆంగ్రియా మారసాగెను. 1839లో వ్రాసిన కథలో ఎలిజబెత్ హేస్టింగ్సు అను యువతి కలదు. సౌందర్యవతి కాదు, ధనవంతురాలు కాదు. తన చిన్న పాఠశాల నడుపుకొని స్వార్జితముతో బ్రదుకును. తాను ప్రేమించిన గొప్పవాడు వివాహము లేకయే తనతోనుండుమని కోరగా, హృదయము పగులుచున్నను నిరాకరించి వెడలిపోవును. జమోర్నా ఎదుట మోకరించు సుందరీమణులు నిండిన ఆ దేశమున ఇట్టి స్త్రీ అంతకుముందు కానరాదు. రాజ్యము లోపలినుండియే దాని పతనము మొదలైనదని నేననుకొందును.

ఆ సంవత్సరాంతమున, తన 23వ యేట, ఆమె ఒక చిన్న కాగితముపై ఆంగ్రియాకు వీడ్కోలు వ్రాసెను. చిరకాలము కాపురమున్న వేడిదేశమును, ముఖములన్నియు తెలిసిన దేశమును విడిచి, మబ్బుపట్టిన ఉదయపు చల్లని దేశమునకు పోదలచితినని అందు తాత్పర్యము. అందు జయఘోష లేదు. పరదేశమునకు వలసపోవువాని భయమే ఉన్నది. 13 సంవత్సరములలో ఆమెయు తమ్ముడును వ్రాసినది ఆ అక్కచెల్లెండ్రు పిమ్మట అచ్చువేసిన నవలలకంటె ఎక్కువ పరిమాణమని పండితులు చెప్పుదురు. అట్టి దేశమునుండి ప్రయాణము ఒక్కనాట ముగియునది కాదు.

తరువాతి సంవత్సరములను త్వరగా చెప్పెదను. ఆమె రెండు ఇండ్లలో గృహోపాధ్యాయినిగా పనిచేసి అవమానములు సహించెను. తాము స్వంతముగా పాఠశాల పెట్టవలెనను తలంపుతో 1842లో ఎమిలీతో కూడ బ్రస్సెల్సు నగరమునకు పోయి ఫ్రెంచి నేర్చెను. అచ్చటి గురువు కాన్స్టాంటిను హెజే ఆమె వ్యాసములలోని అలంకారములను నిర్దాక్షిణ్యముగా కొట్టివేసి, మాటను పొదుపుగా వాడుట నేర్పెను. వివాహితుడైన ఆ గురువుపై ఆమెకు కలిగిన అనురాగము ఆమెకు చాలకాలము దుఃఖకారణమయ్యెను. 1844లో ఇంటికి వచ్చి పాఠశాలకు ప్రకటనపత్రములు అచ్చువేయించి పంచిరి. ఒక్క విద్యార్థినియైనను రాలేదు.

1845 శరదృతువులో ఎమిలీ పద్యముల పుస్తకము ఆమె కంటబడెను. అందు పెక్కు గొండాలు ద్వీపమునకు చెందినవే. ఎమిలీ ఆ వేసవిలోనే, ఇరువదియారేండ్లు దాటినదై, యార్కు ప్రయాణమున దారి పొడవునను ఆనుతో గొండాలు పాత్రలుగా ఆడుకొనుచు పోయెను. ఆమెకు షార్లెటు పడిన వేదన లేదు. రెండు లోకములలోను ఒకే కాలమున నిశ్చింతగా నివసింపగలిగెను. రహస్యము బయలుపడినందుకు మాత్రము కోపించెను. ఎట్టకేలకు ముగ్గురును పురుషులవలె తోచు మారుపేర్లు పెట్టుకొని, తమ సొమ్ముతోనే 1846లో పద్యసంపుటమును ప్రకటించిరి. మొదటి సంవత్సరమున రెండు ప్రతులు అమ్ముడుపోయెను.

షార్లెటు వ్రాసిన మొదటి నవల ప్రొఫెసరు. ఆంగ్రియా వేడి తగులరాదని ఆమె దానిని ఎంత చల్లబరచెనన్న, ప్రకాశకులందరును త్రిప్పిపంపిరి. 1846 ఆగస్టులో తండ్రిగారి కంటిపొరకు మాంచెస్టరులో శస్త్రచికిత్స జరిగెను. మత్తుమందు లేకుండ కత్తిపెట్టిన ఆ చికిత్స తరువాత చీకటిగదిలో పండుకొన్న తండ్రిని కనిపెట్టుచు ఆమె మరియొక నవల మొదలుపెట్టెను. అదే జేన్ ఐర్. 1847 అక్టోబరున లండనులో స్మిత్ ఎల్డరు కంపెనీవారు ప్రకటింపగా దేశమంతయు చదివెను. కోవన్ బ్రిడ్జి పాఠశాల అందు లోవుడ్డు అయ్యెను. మరణించిన అక్క మరియా హెలెన్ బర్న్సు అయ్యెను. గర్విష్ఠియైన రాచెస్టరులో జమోర్నా ఛాయ కలదు. అతని ఎదుట నిలిచినది మాత్రము మోకరించు సుందరి కాదు. ఎలిజబెత్ హేస్టింగ్సువంటి చిన్నదైన, చక్కదనములేని ఉపాధ్యాయిని. అతనికి భార్యయున్నదని తెలిసినంతనే తన ఆత్మగౌరవమును విడువక చీకటిలో ఇల్లు వెడలును. ఇండియాకు మిషనరీగా పోదలచిన సెయింట్ జాన్ రివర్సు ఆమెకు హిందూస్థానీ నేర్పి, ప్రేమలేకయే వివాహము చేసికొనుమనగా, దానికిని ఆమె లోబడదు. ఆంగ్రియాలో రాజు మాటయే చట్టము. ఇచ్చట ఆమె మనస్సాక్షి చట్టము.

బ్రాన్వెలు ఆంగ్రియాను విడువలేదు. చిత్రకారుడగుదునని బ్రాడ్ఫర్డులో ప్రయత్నించెను. రైలుస్టేషనులో గుమాస్తాయై, లెక్కలలో 11 పౌనులు తగ్గగా 1842లో తొలగింపబడెను. ఉపాధ్యాయుడై 1845లో అపకీర్తితో పంపివేయబడెను. వార్తాపత్రికలలో తన పద్యములు కొన్ని అచ్చుపడినప్పుడు వాని క్రింద తన పేరు పెట్టలేదు. నార్తాంగర్లాండు అని పెట్టెను. పన్నెండేండ్ల వయస్సున కల్పించిన వేషము ముప్పదియేండ్లకును అతని ఒంటిమీద ఉండెను. మద్యము, నల్లమందు మిగిలిన శక్తిని హరించెను. తెలివిలో అక్కకు తీసిపోనివాడు. ఇంటనందరును అతనియందే ఆశలు పెట్టుకొనిరి, ఆడపిల్లలు ఉద్యోగము చేసి అతనిని నిలుపజూచిరి. కాని మొదటినుండియు బయటి పాఠశాల క్రమశిక్షణ లేక ఇంటనే పెరిగి, కాదనువారి నడుమ నిలుచుట అతడు నేర్వలేదు. ఒకప్పుడు అక్కచెల్లెండ్ర మధ్య తన రూపమును చిత్రించి, దానిని చెరిపి, ఆ చోట స్తంభమును చిత్రించెను. ఆ పటము నేడు లండను జాతీయ చిత్రశాలలో ఉన్నది. రంగు పలచబడి, స్తంభము వెనుకనుండి మనుష్యాకారము పొడకట్టుచున్నది.

1848 సెప్టెంబరు 24న బ్రాన్వెలు, డిసెంబరు 19న ఎమిలీ, 1849 మే 28న ఆన్ మరణించిరి. ఎనిమిది నెలలలో సామ్రాజ్యస్థాపకులలో ముగ్గురు పోయిరి. చచ్చిన సిపాయిలను లేపిన జీనీలలో మిగిలినది టాలీ యొక్కతే. ఆమె షర్లీ అను నవలను సగములో ఆపి, తిరిగి పట్టుకొని, 1849లో ముగించెను. 1853లో విల్లెట్టు ప్రకటించెను. పూర్వము ముగ్గురు అక్కచెల్లెండ్రు రాత్రివేళ భోజనశాలలో బల్లచుట్టు తిరుగుచు కథలను చర్చించుట వాడుక. ఇప్పుడు ఆమె ఒక్కతెయే తిరుగుచుండగా, ఆ అడుగుల చప్పుడు వినుట తనకు హృదయభేదకముగ ఉండెనని వంటమనిషి మార్తా తరువాత చెప్పెను. ప్రకాశకుల ఉద్యోగి జేమ్సు టేలరు ఆమెను వివాహమాడగోరి, ఫలింపక, 1851లో బొంబాయికి వచ్చివేసెను. తండ్రిగారి సహాయగురువు ఆర్థరు బెల్ నికల్సును, తండ్రి మొదట ఎంత అడ్డుపడినను, 1854 జూన్ 29న ఆమె పెండ్లాడెను. గర్భవతియై, ఆహారము నిలువక, 1855 మార్చి 31న తన 38వ యేట మరణించెను. ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రిగారు 84 ఏండ్లు బ్రదికి 1861లో గతించిరి.

చిన్న పుస్తకములను నికల్సు ఐర్లండుకు తీసికొనిపోయి కాగితములో చుట్టి దాచెను. 1895లో అవి కొనబడి, విడివిడిగా అమ్మబడి, పలుదేశములలో చెదరెను. ఎమిలీ, ఆను వ్రాసిన గొండాలు గద్యకథలలో ఒక్కటియు మిగులలేదు, పద్యములే మిగిలెను. ఆంగ్రియా కాగితములను 1941లో ఫానీ రాచ్ఫర్డు అను అమెరికా విదుషి పరిశోధించి గ్రంథము ప్రకటించినప్పుడు లోకము ఆ యుగములను మొదటిసారి వరుసగా తెలిసికొనెను. 1928 నుండి హావర్తు గురుగృహము వస్తుప్రదర్శనశాలయై యున్నది. 2019లో బ్రాంటీ సంఘమువారు పారిసు వేలములో షార్లెటు పద్నాలుగేండ్ల వయస్సున కూర్చిన పత్రిక సంచికనొకదానిని, పిల్లలు మొదలగు పలువురి చందాలతో, ఆరులక్షల యూరోలకు కొనిరి. దానిని ఇప్పుడు ఆ ఇంటనే అద్దపుపెట్టెలో ఉంచినారు. చూడవచ్చినవారు దానిని చదువవలెనన్న భూతద్దమే కావలయును.